తంగెళ్లగూడ పొలిమేర

అండాలమ్మ అని ఒక ముసలామె ఉండేదంట తంగెళ్లగూడల. ముసలామె అంటే మూలకు కూసునే రకం కాదు, కట్టె పట్టుకొని నడిస్తే పడుసోళ్లు ఎనకబడాలె. ఆ ఊరి పొలిమేర ఆమె ఇంటోళ్లది. అంటే భూమి ఆమెదని కాదు, ఆగుండ్రి, చెప్తున్న. బొడ్రాయి పండుగ నాడు ఊరి చుట్టూ అందరికంటే ముందు నడిచేది ఆ ఇంటి ఆడమనిషి. అత్త నడిచింది, అత్త పోయినంక ఈమె నడిచింది. ఎనక ఊరి దేవతలకు పూజ చేసే బైండ్లాయన పసుపన్నం చల్లుకుంట వస్తడు, దాన్నే పొలి అంటరు. ఆ చుట్టు ముగిసిందా, ఊరు కట్టుల పడ్డట్టే. ఇగ పొద్దుగూకే దాక లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు. పానం మీదికొస్తే వేరే అనుకో. ఊకెనే దాటినోని ఎంబడి ఊరి మంచంతా ఎళ్లిపోతదని నమ్మకం.

ఇట్లుండంగ పట్నం పెరిగింది. పెరిగి పెరిగి తంగెళ్లగూడ గడపకొచ్చింది. జొన్నచేండ్లు ప్లాట్లయినయి, ప్లాట్లు అపార్టుమెంట్లయినయి. బస్సు మీద ఊరి పేరు పోయి ఏదో కాలనీ పేరొచ్చింది. పాతోళ్లల్ల సగం మంది అమ్ముకొని పోయిండ్రు, కిరాయోళ్లొచ్చిండ్రు, ఒకరు శ్రీకాకుళమోళ్లు, ఒకరు బీహారోళ్లు. అయినా నడిమిట్ల బొడ్రాయి ఉన్నది సూడుండ్రి, మోకాలెత్తు రాయి, అది మాత్రం కదల్లే. ఏమైందంటే, ఓనాడు రోడ్డు ఎడల్పు చేస్తమని ఇంజినీరు మురహరి సారు వచ్చిండు. మంచోడే పాపం, మర్యాదగనే మాట్లాడిండంట. రాయిని తీసి గుడి కాడ పెడతమన్నడు. అండాలమ్మేమో, అది ఊరికి బొడ్డు నాయనా, బొడ్డును జరుపుతరా అన్నది. ఆయన నవ్వి, ఇప్పుడిది వార్డు గదమ్మా, ఊరెక్కడున్నది? ఊరున్నదని చూపెట్టు, రాయి జోలికి రాను, లేకుంటే శుక్రవారం పొద్దున ఆఫీసుకు పోయి మిషన్ తోలుకొస్త అన్నడు. సరే అన్నదంట ఈమె. ఆ శుక్రవారమే బొడ్రాయి పండుగని సందు సందుకూ డప్పు చాటింపు ఏయించింది.

ఏయించింది గాని గుండెల గుబులు. ఊరోళ్లంటే ఇంటరు, కిరాయోళ్లు ఎందుకింటరు? ఎవడి నౌకరి వానికున్నది. ఒక్కడు దాటిండా, సారు మాటే నిజమైతది, రాయి పోతది. అయినా తెల్లారకముందే తానం చేసి, కట్టె పట్టుకొని బయలెల్లింది. పొలిమేర యాడుంటే ఆడికెళ్లే నడిచింది, వంకర తిరగలే. చికెన్ దుకాణం ఎనకకెళ్లి పోయింది. ఒక అపార్టుమెంటు కాడ గేటు అడ్డమొస్తే వాచ్‌మెన్ చెప్పులిడిచి గేటు తీసిండు, కార్ల నడిమికెళ్లి పోయింది. బైండ్లాయన పొలీ పొలీ అని ఒర్రుతుంటే పైనుంచి ఆడోళ్లు తొంగి చూసిండ్రు. చూసి ఊకోలే, బిందెలు పట్టుకొని దిగిండ్రు. ఇంటికో బిందె నీళ్లు బొడ్రాయి మీద పొయ్యాలె గదా, డప్పాయన అదీ చెప్పిండాయె. ముందుగాల ఊరి ఆడబిడ్డలు పోసిండ్రు, ఆ ఎనక అపార్టుమెంటోళ్లు, ఆ ఎనక బీహారామె, ఏమని మొక్కాల్నో తెల్వక, నెత్తిన కొంగేసుకొని తానూ పోసింది. అండాలమ్మ ఏడ్చింది. నేనెందుకు దాయాలె, బగ్గ ఏడ్చింది.

అప్పుడొచ్చిందంట ఒక కారు. పెద్ద రోడ్డెక్కే కాడ వేపమండల తోరణం అడ్డం కట్టిండ్రు, ఆడ ఆగింది. దిగింది ఎవరనుకున్నరు? మురహరి సారే. ఆయనుండే అపార్టుమెంటు ఎనకటి జొన్నచేన్ల లేచిందేనాయె. తంగెళ్లగూడ గాలి పీలుస్తడు, తంగెళ్లగూడ బోరు నీళ్లు తాగుతడు, తంగెళ్లగూడల ఉన్నట్టు ఆయనకే ఎరుక లేదు. అమ్మా, జర తోరణం ఎత్తించు, ఆఫీసుకు పోవాలె అన్నడు. జనమంతా ముసలామె తిడతదనుకున్నరు. తిట్టలే, తోరణం తనే కట్టెతోని పైకెత్తి పట్టింది.

"పో బిడ్డా. ఊరే లేదంటివి గదా. లేని ఊరికి పొలిమేర యాడిది? దాటి పో."

సారు కిందికి చూసిండు. తారురోడ్డు మీద పచ్చగ పొలి మెతుకులు. ఎనకకు చూసిండు. ఆయన పెండ్లాం, తడిసిన చీరె, చేతుల ఖాళీ బిందె. "నీళ్లు పోసొచ్చిన, దాటకు" అన్నదామె. సారు ఒక కాలు లేపిండంట, లేపి మళ్ల ఆడనే పెట్టిండు. కారెక్కి ఎనకకు తిప్పుకొని ఇంటికి పోయిండు.

ఇయ్యాల మీరు ఆ దిక్కు పోతే చూడుండ్రి, అంత పెద్ద రోడ్డు ఆ రాయి కాడికొచ్చి పక్కకు ఒంగి పోతది. ఎందుకు ఒంగిందో బస్సు డ్రైవర్లకు తెల్వదు, తిట్టుకుంటరు. పట్నం తంగెళ్లగూడను మింగిందంటరు, మింగితే మింగింది గాని అరిగించుకోలే. అండాలమ్మ పోయింది, ఇప్పుడు ఆమె కోడలు నడుస్తది ముందు. తోరణం కాడ కావలి మాత్రం మురహరి సారే, రిటైరయిండు గదా. ఎవడన్న తోరణం కిందికెళ్లి దూరబోయిండా, ఊరోళ్లకంటే ముందు ఆయనే లొల్లి పెడతడంట.