అడ్డకోత

గుత్తిలో ఓ నర్సింగ్ హోం. డాక్టర్ హేమలత గదిలో నాగలక్ష్మమ్మ కుర్చీకి అతుక్కుని కూర్చుంది. కోడలు సుష్మ పక్క గదిలో మంచం మీద ఉంది. ఆమెను అడగవలసిన పని ఏమీ లేదని అత్తగారి నమ్మకం.

“అడ్డంగా మాత్రం కోయొద్దు డాక్టరమ్మా. ముందే చెప్తాండా.”

“నాగలక్ష్మమ్మా, కోసేది సుష్మ కడుపు. మీ చేని గట్టు కాదు.”

“అడ్డం అనే మాటే మా ఇంటికి అచ్చిరాదు. పోయిన సర్పంచ్ ఎలక్షన్లో మా హర్షకు సొంత చిన్నాయనే అడ్డం వచ్చినాడు. ముప్పై ఓట్లతో ఓడిపోయినాడు నా బిడ్డ.”

“దానికీ సిజేరియన్‌కూ ఏం సంబంధమమ్మా?”

“నిలువుగా కోస్తే పుట్టినోడు నిలబడతాడు. ఎలక్షన్లో నిలబడేది, గెలిచేది, అంతా ఆడ్నుంచే. సిద్ధాంతి తిప్పయ్య చూసి చెప్పినాడు.”

“మొదటి కాన్పుకూ ఆయన మాటేనా?”

“ఆయన మాటే. అప్పుడు వేరే ఆస్పత్రి. ఆ డాక్టరు మంచోడు, ఎదురు మాట్లాడలేదు. నిలువుగా కోసేసినాడు.”

“పుట్టింది?”

“ఆడపిల్ల.”

“నిలబడిందా?”

“పరిగెత్తుతాండాది. మూడేండ్లు.”

“ఇది వినండి. ఆ మంచోడు లోపల గర్భసంచి మీద కూడా నిలువుగానే కోసినాడు. ఆ ఆస్పత్రి కాగితంలో రాసి ఉండాది. సంచికి కింద భాగంలో అడ్డంగా కోస్తే నెత్తురు తక్కువ పోతాది, బాగా మానుతాది. పైన నిలువు కోత అట్ల కాదు. నొప్పులొస్తే ఆ మచ్చ దగ్గరే సంచి పిగిలిపోవచ్చు. పిగిలితే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తాది. అందుకే నొప్పులు రాకముందే, ఈ పొద్దే చేయాల.”

“ఈ పొద్దు కుదరదు. సోమవారం సింహలగ్నంలో ముహూర్తం పెట్టినాడు తిప్పయ్య.”

“పొద్దున్నుంచి ఆమెకు కడుపు గట్టిపడతాండాది. సోమవారం దాకా ఆగమని ఆ మచ్చకు ఎవరు చెప్తారు? తిప్పయ్యనా?”

“సరే, సరే. ఈ పొద్దే చేయి. నిలువుగా చేయి.”

“మళ్లా అదే మాట.”

“మళ్లా ఆడపిల్లయితే మూడో కాన్పు ఉండాల కదా తల్లీ. ఉన్న దారి నువ్వు మార్చేస్తే ఎట్ల?”

“మూడో కాన్పా? బిడ్డతో పాటు ఉండే మాయ పోయి ఈ మచ్చకే అతుక్కునిందంటే ఊడిరాదు. పీకితే నెత్తురు ఆగదు. సంచే తీసేయాల్సి వస్తాది, అదీ మనిషి మిగిలితే.”

“మీరంతా ఇట్లే భయపెడతారు. నేను ఆరుమందిని కన్నా.”

“కోత లేకుండా కన్నారు.”

“అప్పుడు మా ఇంట్లో రాజకీయం లేదులే.”

“ఇంక టైం లేదమ్మా.”

“హర్ష రానీ. అనంతపురంలో మీటింగ్‌లో ఉండాడు. వాడు లేకుండా ఒక్క కాగితమూ కదలదు.”

“హర్ష సంతకం పని లేదు. ఆమె కడుపు, ఆమె సంతకం. సిస్టర్ ఆమె దగ్గరికే పోయింది.”

“నన్నడగకుండా పెట్టదు. నీళ్లు తాగాలన్నా నన్నే అడుగుతాది.”

“మేడం, థియేటర్ రెడీ. సుష్మ సంతకాలు పెట్టేసింది.”

“వస్తాండా అరుణజ్యోతీ.”

“ఉండు, ఉండు సిస్టరమ్మా. సంతకాలు అంటావేంది? ఒకటే కదా?”

“రెండు పెద్దమ్మా. ఒకటి సిజేరియన్‌కు. ఇంగోటి, దాంతోపాటే ఇంక పిల్లలు కాకుండా చేసేయమని. పోయిన నెల చెకప్‌లోనే మేడంతో అంతా మాట్లాడుకునిందంట. మొగుడి సంతకం అక్కరలేదు కదా అని నన్ను రెండుసార్లు అడిగి, పెట్టేసింది.”