సున్నం రంగు

అచ్చు మిషను ఆపి, అక్క తాజా కార్డును వెలుతురులో పెట్టి చూసింది. పసిబిడ్డల విరేచనం రంగు సరిపోల్చుకోమని ఆసుపత్రివాళ్లు తల్లులకిచ్చే కార్డు అది.

“ఈ ప్రమాదం గడి సున్నంలా తెల్లగా ఉండాలి కదరా! ఈ పసుపెక్కడిది?”

“తెల్ల ఇంకు చాల్లేదక్కా. పసుపంటిన పాత డబ్బా గీకి కలిపేశా.”

“ఛీ! నీకసలు చేతులెలా వచ్చాయిరా?”

“పియ్యి రంగే కదా, కాస్త అటూఇటూ అయితే ఏం మునిగింది?”

“బిడ్డకి తెల్లగా అయితే కాలేయం చెడినట్టు. ఈ పసుపు గడితో కలవలేదు కాబట్టి బాగానే ఉందనుకుంటుంది ఆ తల్లి! పొద్దున ఆసుపత్రికి పంపిన కట్టలు?”

“అవీ... ఇలాంటివేనక్కా.”

“తెలిసే పంపావా?”

“తిడతావని చెప్పలేదు.”

తోడబుట్టినవాడి ముఖం చూడాలంటేనే ఆమెకు వెగటు పుట్టింది. స్కూటరు తాళం అతని మీదికి విసిరింది.

“పద. ఈపాటికి ఆసుపత్రిలో పంచేసుంటారు. ఒక్కో తల్లి దగ్గరా నువ్వే వెనక్కి అడుగు. ఎందుకో కూడా నీ నోటితోనే చెప్పు.”