తొమ్మిదో మెట్టు రాణి

ఏంటి తల్లీ, తొమ్మిదో మెట్టు దగ్గర ఏం చెప్పాలనా? రేపు గైడు పరీక్ష పెట్టుకుని ఇవాళా అడగడం! సరే పద, రేవుకే పోదాం. ఇంట్లో కూర్చుని చెప్తే నాకు మాట రాదు. చెయ్యి పట్టుకో. మెల్లగా, నా మోకాళ్లు నీ మోకాళ్లు కావు.

ఇదిగో, ఇదే పైమెట్టు. మీ తాత, అదే మా బావ, గైడు పనికి ఇక్కడే నిలబడి గొంతు సవరించుకునేవాడు. నేనేమో ఆ గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాణ్ణి. చింపుతూనే మా బావ గొంతు వినేవాణ్ణి. "అయ్యా, అమ్మా, ఈ ఊరు ఇరవై నాలుగు వందల ఏళ్లు రాజధానిగా బతికింది. ఈ రేవుకి మెట్లు ఇరవై నాలుగు. మెట్టుకి నూరేళ్ల లెక్కన దిగుదాం, పదండి. నీళ్లలో కాలు పెట్టేసరికి మొట్టమొదటి రాజు దగ్గరికి చేరతాం!" అంతే, జనం చిన్నపిల్లలైపోయేవాళ్లు. ఆ లెక్క ఎవరు చెప్పారు ఆయనకి? ఎవరూ లేదు, ఆయన బుర్రలోదే. వానాకాలం ఏరు పొంగితే మరీ తమాషా. "క్షమించాలి, ఇవాళ ఆరొందల ఏళ్లు నీళ్లలో ఉన్నాయి. వేసవిలో వస్తే మిగతా రాజుల్ని చూపిస్తా" అనేవాడు. ముఖంలో నవ్వన్నదే ఉండేది కాదు.

జాగ్రత్త, అక్కడ నాచు ఉంది. ఏం చెప్తున్నాను? ఆఁ, మా అక్క. అదే, మీ అమ్మమ్మ. నువ్వు చూళ్లేదు కదా పాపం, మీ అమ్మకే సరిగ్గా గుర్తులేదు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి కారియర్ పట్టుకుని వచ్చి తొమ్మిదో మెట్టు మీద కూర్చునేది, గోడ వారగా. గోడ నీడ ఆ వేళకి సరిగ్గా అక్కడే పడుతుంది, అందుకు. పక్కన జాగా అరచేత్తో తుడిచి ఉంచేది ఆయన కోసం. కూర్చుని ఊరుకుంటుందా? ఆయన చెప్పేదంతా వింటుంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక మొదలెడుతుంది. "మొన్న ఆ రాజుకి నూట యాభై ఏనుగులన్నావు, ఇవాళ రెండొందలన్నావు. నాలుగు రోజుల్లో యాభై ఈనాయా?" ఆయన గబగబా కారియర్ విప్పేవాడు. "రాజుల పెళ్లిళ్లన్నీ నోటికొచ్చు, ఇంట్లో ఉప్పు నిండుకుందని మాత్రం గుర్తుండదు మహానుభావుడికి" అనేది. అంటూనే పెద్దముద్ద ఆయనకి పెట్టేది. నేను గేటు దగ్గర్నించి చూస్తూ ఉండేవాణ్ణి. అంత అందంగా ఇద్దరు మనుషులు అన్నం తినడం నేను మళ్లీ చూళ్లేదు, నిజం.

ఇక ఆ మెట్టు సంగతి. ఆ నూరేళ్లూ ఈ ఊరికి చరిత్ర లేదమ్మా. ఏరు ముంచేసిందంటారు, జనం పారిపోయారంటారు. శాసనం లేదు, నాణెం లేదు, పెంకుముక్క లేదు. మీ తాత అక్కడికి రాగానే "ఇక్కడేమైందో తెలీదండీ" అని ఒక్కమాట అనేసి దాటేవాడు. మా అక్క నవ్వేది. "నేను కూర్చున్న మెట్టుకే రాజు లేకుండా పోయాడా?" అని.

జ్వరంతో పోయింది. ఐదు రోజులే. మీ అమ్మకి నాలుగేళ్లు. నెల తిరక్కుండా బావ పనిలోకి వచ్చాడు. బాగానే చెప్తున్నాడు, దిగుతున్నాడు, ఆ మెట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తెలీదండీ అనడానికి నోరు రాలేదు. చూస్తుండగానే అందుకున్నాడు: "ఊరంతా వెళ్లిపోయాక ఒక రాణి మిగిలిందండీ. రోజూ ఇక్కడ దీపం పెట్టుకుని కూర్చునేది, ఊరు ఇంకా ఉందని పడవలకి తెలియాలి కదా. తిరిగొచ్చేవాళ్ల కోసం పక్కన జాగా అరచేత్తో తుడిచి ఉంచేది." నా చేతిలో టిక్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. ఏమంటాను? నాకూ మళ్లీ మళ్లీ వినాలనిపించింది.

పదేళ్లు చెప్పాడు. మిగతా గైడ్లూ పట్టుకున్నారు. ఇదిగో ఆ కొట్లో చూడు, రాణిగారి బొమ్మలు, మెడనిండా నగలు! మా అక్కకి చెవులకి తప్ప ఎక్కడా ఏమీ ఉండేది కాదు.

అప్పుడు పైనుంచి ఒక పెద్దాఫీసరు దిగాడు. గైడ్లందరి వెంటా తానే నడిచి వింటాడట, రుజువు లేని మాట చెప్తే గైడు బిళ్ల తీసేస్తాడట. ఆ బిళ్ల పోతే బావకి ఈ మెట్లు లేవు. నేను కాళ్లావేళ్లా పడ్డాను. "బావా, ఈ ఒక్కరోజూ తెలీదని చెప్పి దాటెయ్. మా అక్కేమీ అనుకోదు." సరేనన్నాడు. ఒట్టు కూడా వేశాడు. దిగారు, ఒకటి, రెండు, ఏనుగులు సరిగ్గా నూట యాభై. తొమ్మిదో మెట్టు వచ్చింది. ఆగాడు. ఆఫీసరు కలం పట్టుకుని చూస్తున్నాడు.

"అయ్యా, ఈ నూరేళ్ల గురించి ఎవరికీ ఏమీ తెలీదు. నేను చెప్పే రాణి అబద్ధం. ఇక్కడ కూర్చున్నది మా ఆవిడ" అన్నాడు బావ. అని, ఉప్పు సంగతి, ఏనుగుల సంగతి, అన్నీ చెప్పేశాడు. వింటే వినండి లేకపోతే లేదన్నట్టు, ఏటికేసి చూస్తూ.

ఆఫీసరు పుస్తకం మూశాడు. ఆయనవీ ముసలి మోకాళ్లే, మూలుగుతూ ఆ మెట్టు మీదే చతికిలబడ్డాడు. "మిగతా పదిహేనూ కూర్చునే వింటానయ్యా, చెప్పు" అన్నాడు. బిళ్ల తియ్యలేదు. రాణి మాట మాత్రం ఇక ఎత్తొద్దన్నాడు. బావ ఎత్తలేదు కూడా. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ ఇక్కడికి రాగానే "ఇక్కడేమైందో తెలీదండీ, కాసేపు కూర్చుందాం" అనేవాడు. కూర్చునేవాడు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు, నోరెత్తకుండా ఏటికేసి చూస్తూ కూర్చునేవాళ్లు. దిగి వెళ్లేటప్పుడు చాలామంది ఈ మెట్టునే వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

ఆ ఆఫీసరు వెళ్లాక మిగతా గైడ్లు మళ్లీ రాణినే చెప్తున్నారని, నువ్వు చెప్పకపోతే మార్కులు తగ్గుతాయేమోనని నీ భయం. తగ్గుతాయేమో, నాకేం తెలుసు, నేను టిక్కెట్లు చింపినవాణ్ణి. ఏదీ, నేనే ఆఫీసర్ని అనుకో. తొమ్మిదో మెట్టుకి వచ్చాం. చెప్పు... ఊఁ... గొంతు అలా వణికితే ఎలా, మళ్లీ చెప్పు... ఆఁ. అంతే. ఇక కూర్చో.

అటు కాదు తల్లీ. కాస్త ఇటు జరుగు. గోడ వార ఖాళీగా ఉండనీ.