గుండీలు మిగిల్చిన నేల

నేలను తల్లి అంటూ రోజూ ప్రార్థించుకుంటున్నా, ఆ తల్లి నిజంగా బతికే ఉందా అన్న సందేహం మా కార్యాలయ స్టోర్ కీపరును ఏళ్ల తరబడి వెంటాడింది. 1991 జూన్ పదవ తేదీన భూసార పరీక్షాధికారిగా ఉద్యోగంలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా పెద్దసారు ఆ సందేహాన్ని తీర్చారో, మరింత పెంచారో స్టోర్ కీపరు ఇప్పటికీ చెప్పలేరు.

ప్రయోగశాలలో సీసాల మధ్య తొలి ఏళ్లు గడిపిన సారు, ఆ తరువాత మేత భూముల విభాగానికి వచ్చారు. అప్పట్లో, భర్తను పోగొట్టుకుని ఒంటరిగా పశువులను పెంచుతున్న ఒకావిడ, గడ్డి మొలవని పొలాన్నీ మందనూ అమ్మేయబోతోంది. ఆమెను ఆపి, సారు ఒక పాత నూలు బట్ట అడిగారు. పాతిపెడితే, జీవమున్న నేల నూలును తినేస్తుంది. లేని నేల ముట్టుకోదు.

"మా ఆయన చొక్కా ఉంది. అప్పుగానే సారూ, తిరిగి ఇచ్చెయ్యాలి."

"అలాగేనమ్మా."

రెండు నెలలకు తవ్వితే చొక్కా ఇస్త్రీ మడతతో సహా పైకి వచ్చింది. "బతికున్నప్పుడూ ఇంతే, ఎవరి మాటకీ నలిగేవాడు కాదు" అని ఆమె నవ్వింది. సారు వెంట వెళ్లిన స్టోర్ కీపరు మాత్రం రెండడుగులు వెనక్కి వేశారు.

చొక్కాను చేతులు చాపి పరిచి మళ్లీ అక్కడే పాతారు. సారు చెప్పినట్టే ఆమె పొలాన్ని మళ్లుగా విడదీసి, మందను ఒక్కో మడిలో వంతులవారీగా తిప్పింది. మేసిన మడికి గడ్డి మోకాలెత్తు పెరిగేదాకా విశ్రాంతినిచ్చింది. కొన్నేళ్లకు తిరిగి తవ్విన రోజు, మిట్టమధ్యాహ్నం, మంద మేత మానేసి చుట్టూ నిలబడి చూసింది. గుంటలో బట్ట లేదు. కుట్టిన పాలిస్టర్ దారం మాత్రం మెడ, భుజాలు, చేతుల ఆకారంలో, ఎవరో వెల్లకిలా పడుకున్నట్టు మిగిలింది. మధ్యలో గుండీల వరుస. గుండె ఉండే చోట మట్టి మెల్లగా కదిలింది.

"వానపాములేనయ్యా" అన్నారు సారు, ఎందుకో గొంతు తగ్గించి.

"నేలకి ఆకలేసింది" అంది ఆమె. "ఇక పొలం అమ్మను. మరి నా చొక్కా?"

ఆ పద్ధతిని తదుపరి సంవత్సరాలలో సారు ఎన్నో కుటుంబాలకు నేర్పి, వారి బతుకుతెరువు నిలబెట్టారు. ఆ రోజు గుంటలోంచి ఏరి తెచ్చిన గుండీలు మాత్రం ఆయన బల్ల సొరుగులోనే ఉండిపోయాయి. గత వారం స్టోర్ కీపరును వెంటబెట్టుకుని వెళ్లి, అవే గుండీలు కుట్టించిన కొత్త నూలు చొక్కాను ఆమె చేతిలో పెట్టారు. ఆమె గుండీలను ఒక్కొక్కటే తడిమింది.

"బాకీ తీరింది సారూ. ఇప్పుడీ నేల దేన్నీ వదలట్లేదు. మీరు మాత్రం దాని దగ్గరికి తొందరపడకండి. కాళ్లూ చేతులూ చక్కగా ఆడుతూ, నూరేళ్లూ నిండాకే రండి."

మా అందరి కోరికా అదే.