ప్రేమదాసు బావ బండి చప్పుడు

ఏది, ఇటియ్యి, ఏం ఫిల్టరు తెచ్చినవో చూద్దాం. ఆన్‌లైన్లనా? డబ్బా మీద రంగులు చూసి తెచ్చినట్టున్నవ్ క్రాంతీ. కూసో, ఆ కుర్చీ గుంజుకో. మా బావ ప్రేమదాసు ఉంటే గిట్ల చూడకుండ ఇది బండికి ఎక్కనిస్తుండెనా? నీకు యాదికుండడు, నువ్వు అంగన్‌వాడికి పోయేటప్పుడే పోయిండు. మా అక్క విమలమ్మ పెనిమిటి. సురంగల్‌ల ఇల్లు, సొంత డీజిల్ కారు, మొయినాబాద్ చౌరస్తాల పెట్టుకొని కిరాయికి తోలేటోడు. ఆయిల్ ఫిల్టరు కొనాల్నంటే శ్యాంసుందర్ దుకాణంల పొద్దెక్కేదాక నిలబడుతుండె. ముందుగాల బండి పుస్తకంల నంబరు, డబ్బా మీద నంబరు ఒక్కటేనా అని చూసేటోడు. ఇగ ఫిల్టరు బోర్లించి, గీ చిన్న చిన్న బెజ్జాలున్నయి చూడు, అండ్లకెళ్లి లోపలి రబ్బరును వేలుతోని నొక్కేటోడు. మెత్తగ వంగాలె, మళ్ల లేవాలె. గట్టిగుంటే వాపస్. శ్యాంసుందర్ సేటేమో ముక్కుతోని మాట్లాడుకుంట, "ఏం ప్రేమదాసూ, ఫిల్టరు చూస్తున్నవా, కొడుక్కు పిల్లను చూస్తున్నవా" అంటుండె. మా బావ నవ్వకపోతుండె. ఎందుకంటవా? ఇంజన్ బంద్ చేసినంక నూనెను ఫిల్టర్ల ఆపేది ఆ రబ్బరే. అది పనికిరానిదైతే నూనె అంత కిందికి కారిపోతది. పొద్దుగాల స్టార్ట్ చేస్తే నూనె మళ్ల మీదికెక్కేదాక ఇంజన్ టకటకటక కొట్టుకుంటది. "ఆ చప్పుడు నేను ఇనలేను తమ్మీ, ఎవలో గొంతు ఎండిపోయి దగ్గినట్టుంటది" అనేటోడు.

ఆఁ, ఏం చెప్తున్న? మంచంల పడ్డడు. కడుపుల గడ్డ, దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. బండి కొడుకు ఆనంద్ బాబు, మా నందు, చేతికొచ్చింది. వాడు గండిపేట కాడ కాలేజిల ఆఫీసు నౌకరి, పొద్దున పోతె మాపటికి వచ్చుడు. తీరిక లేక అక్కడ్నే ఎక్కడనో సర్వీసింగ్ చేయించిండు, వాళ్లు చేతికి దొరికిన ఫిల్టరు బిగిచ్చిండ్రు. తెల్లారి స్టార్ట్ చేసిండో లేదో, టకటకటక. మా బావ అప్పటికే మాట సగం బంద్ చేసిండు. గోడకు మొఖం పెట్టి పండుకున్నోడు ఇటు మర్లిండు. "నందూ, అది నేను పెట్టింది కాదు. తీసెయ్" అన్నడు. వాడు ఆదివారం మారుస్త బాపూ అన్నడు. ఆ ఆదివారం పొద్దుగాలనే పాయె మనిషి. ఇగ ఫిల్టరు సంగతి ఎవలికి యాదికుంటది?

దినాలైనంక నందు వేరే బండి తీస్కున్నడు. మా బావ కారును రేకుల కింద పెట్టి పట్టా కప్పిండ్రు. బ్యాటరీ పీకి ట్రాక్టరుకు పెట్టుకున్నరు. గది మంచిగ ఇనుకో, బ్యాటరీ లేదు. కొన్ని దినాలకు అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నేను వాకిలి ఊడుస్తుంటే మీ బావ బండి స్టార్టయితున్నది" అన్నది. మెల్లగనే చెప్పింది, పాలోడొచ్చిండని చెప్పినట్టు. దుఃఖంల ఏదో ఇనిపిస్తున్నదనుకొని పోయిన. తెల్లారంగ అక్కతోని వాకిట్ల నిలబడ్డ. చీపురు ఆపింది. ఆపుడుతోనే పట్టా కిందికెళ్లి టకటకటక. ఎండిన దగ్గు లెక్క. జర సేపటికి అది సల్లబడి, ఇంజన్ కొద్దిగ తిరిగి, బందయ్యింది. నేను పట్టా గుంజి బానెట్ లేపిన. బ్యాటరీ జాగల ఎలుక పెట్టిన గడ్డి ఉన్నది, అంతే. ఫిల్టరు మీద చెయ్యి పెట్టిన. పొద్దింక పొడవలే, ఆ రేకుల కింద మంచు తడి ఉన్నది. ఫిల్టరు మాత్రం మనిషి అరచెయ్యి లెక్క ఎచ్చగున్నది.

నందు మస్తు భయపడ్డడు. చేవెళ్లల పాత సామానోనికి ఇచ్చేస్త అన్నడు. మా అక్క ఒప్పలే. "పోయేముందు ఒక్కటే అడిగిండు. అది చెయ్యకుండ బండిని పంపిస్తరా?" అన్నది. నేనే పోయిన శ్యాంసుందర్ కాడికి. ఒకటి తీసి నొక్కిన, గట్టిగున్నది. ఇంకోటి నొక్కిన. ఈసారి సేటు ఏం నవ్వులాట ఆడలే, డబ్బాలు తీసి ముంగట పెడుతనే ఉన్నడు. మంచిది ఏరుకొచ్చి, నూనె మార్చి, వాషరుకు జర నూనె రాసి చేతితోనే బిగిచ్చిన. పాతది హాక్సాబ్లేడుతోని కోసి చూస్తే లోపలి కాయితం మడతలు ఊడి ముద్దయి ఉన్నయి.

తెల్లారి ముగ్గురం నిలబడ్డం. టకటక లేదు. నందు అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నడు. అక్క చెయ్యి లేపి ఆపింది. అప్పుడు ఇనొచ్చింది. సన్నగ, మెత్తగ, ఇంజన్ నడుస్తున్నది. "ఇప్పుడు మంచిగున్నది" అన్నది మా అక్క. ఆయన పోయినంక ఆమె మొఖంల నవ్వు చూసుడు గదే మొదలు.

తర్వాత నేను అడిగితే, "వస్తున్నడు, పోతున్నడు, నీకెందుకు ఫికర్" అనేది. నందు ఇనీ ఇననట్టుండేటోడు. ఒక వానకాలం పొద్దున వాని ఫోనొచ్చింది, మామా జల్ది రమ్మని. పోయేటాల్లకు వాకిలి సగమే ఊడ్చి ఉన్నది. పట్టా మడత పెట్టి గోడకున్నది. మా అక్క కార్ల ముంగట సీట్ల కూసున్నది, గుడికి కట్టే తెల్లచీర కట్టుకొని. పానం లేదు. తల జర కుడి దిక్కు, డ్రైవర్ సీటు మీదికి వాలి ఉన్నది. బెల్టు పెట్టి ఉన్నది క్రాంతీ. ఆమె వేళ్లు వంకరవోయినయి, ఆ బెల్టు ఆమెకు పెట్టుకోరాదు. ఎప్పుడైన బావనే వంగి పెట్టేటోడు. నందును అడిగిన, నేను ముట్టలే మామా అన్నడు. ఇంట్ల ఇంకెవలున్నరు...

మబ్బు పట్టింది చూసినవా. లే, దండెం మీది బట్టలు తీద్దాం పా.