పళ్లరిగిన ఆవుకి వేలంపాట

హలో… ఆ, నేనేనమ్మా, ఆర్లిస్‌ని. ఫోన్ ఒళ్లోనే పెట్టుక్కూర్చున్నా… చెప్పు కెండ్రా, సంతలో వేలం ఎంతవరకొచ్చింది?

…మా ఆవులన్నీ అయిపోయాయా?… నూట పద్దెనిమిదీనా?… అబ్బో. అంత పలికిందా!… లేదు లేదు, సంతోషమే. ఎందుకుండదు? ఇలాంటి ధర కోసమే కదా నలభై నాలుగేళ్లు కాచుక్కూర్చున్నాం… ఏడవటం లేదమ్మా. ఉల్లిపాయలు తరుగుతున్నా.

…ఇంక మిగిలింది మా ముసలావు మేవిసూ, ఆ ఆరు చూడి పెయ్యలూనా?… సరే. నేను చెప్పింది గుర్తుందిగా? నా పేరు ఎత్తొద్దు. ఫోన్లో ఎవరో పాడుతున్నారను, అంతే… మా ఆయన అక్కడే ఉంటాడు తల్లీ, అందుకు! మేవిస్‌ని కూడా అమ్మేద్దామన్నది నేనే. “ఒట్టిపోయింది, పళ్లరిగిపోయాయి, దాన్ని పట్టుకుని ఎందుకు వేలాడటం” అని పెద్ద మగరాయుడిలా అన్నా. ఆయనేమో “సరే, నాకేం” అన్నాడు. ఇప్పుడు నేనే దాన్ని వెనక్కి కొంటున్నానని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

…నువ్వే ఎందుకంటే, నువ్వు ఆ ఉద్యోగంలో చేరి పది రోజులేగా. మిగతావాళ్లంతా ఈ ఊరివాళ్లే. ఒక్కడి నోట్లోనూ నువ్వుగింజ నానదు.

…మేవిసా? మా అత్తగారి పేరమ్మా… ఆ, నేనే పెట్టా. పుట్టగానే నా వంక ఓ చూపు చూసింది. నేనేం చేసినా తప్పే అన్నట్టు. అచ్చం ఆవిడే!… అవును, అలాంటిదాన్ని డబ్బు పోసి ఇంటికి తెచ్చుకుంటున్నా. నవ్వు, నువ్వూ నవ్వు.

…ఎందుకు మానేస్తున్నామా? మోకాళ్లమ్మా. ఆయనకి రెండూ, నాకొకటి. మంచు తుఫానొస్తే గడ్డకట్టిన దూడల్ని ఎత్తుకొచ్చి మా స్నానాల తొట్టిలో వేడినీళ్లలో పడుకోబెట్టాలి. ఎన్నేళ్లని ఎత్తుతాం? ధర లేనప్పుడు మానేద్దామంటే కొనే నాథుడుండడు. ధర ఉన్నప్పుడు మానేద్దామంటే బుద్ధి పుట్టదు. ఈ ఏడు మాత్రం అందరూ అమ్మేస్తున్నారు. మా పక్కన కొవారిక్ వాళ్లు మందనమ్మి పడవ కొన్నారు. నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో పడవ! మొగుడూ పెళ్లాం పెరట్లో దాన్నెక్కి కూర్చుని కాఫీ తాగుతున్నారు.

…మేమా? మంచు పడని అరిజోనా వెళ్లిపోతున్నాం. ఇద్దరికీ ఒకే రకం పూల చొక్కాలు కూడా కొన్నాడు మా వెర్లిన్. నాదీ అంతే, తనదీ అంతే, గుడారాల్లా ఉన్నాయి.

…వచ్చిందా? లోపలికొచ్చిందా? ఎలా ఉంది?… మధ్యలో నిలబడి అందర్నీ ఎగాదిగా చూస్తోందా? అదే! అదే మా అత్తగారు!

పాడు, పాడు!… కబేళా ఏజెంటు రెండు వేల డాలర్లా? రెండున్నర అను… తప్పుకున్నాడా? హమ్మయ్య! బతికించావు తల్లీ. ఇంక మనదే…

…ఏంటీ? మూడా? ఎవడమ్మా వాడు?… కాఫీ కొట్టు పక్కన, స్తంభం చాటునా? పేపరు అడ్డం పెట్టుకున్నాడా? మూడున్నర అను… నాలుగా! వాడికి కళ్లున్నాయా అసలు? నోట్లో పళ్లు లేని ఆవమ్మా అది! నాలుగున్నర!… ఐదా! ఓరి నీ దుంపతెగ! వీడికి పెళ్లామంటూ ఉంటే ఆ మహాతల్లికి వంగి దణ్ణం పెట్టాలి. ఇలాంటి తిక్కలోడితో ఎలా వేగుతోందో!

ఐదున్నర!… ఆరన్నాడా?… కెండ్రా, వేలం వేసే రాయ్ ఏం చేస్తున్నాడు?… నవ్వుతున్నాడా? మైకులోనా? ఇందులో నవ్వేందుకేముందట?

…ఏమన్నావ్? ధర పెంచినప్పుడల్లా చెవి లాక్కుంటున్నాడా?… ఏ చెవి?

…ఎడమ చెవా.

…ఒక్క నిమిషం. పేపరు కింద కాళ్లు కనబడతాయా తల్లీ? బూట్లు చూడు… కుడి బూటు… గడ్డిమోపు కట్టే వైరుతో బిగించి ఉందా?

…

…ఓరి దేవుడా! అదే బూటు!

…తెలుసా అంటే… తెలుసు. నలభై నాలుగేళ్లుగా తెలుసు. పేకాటలో దొంగాట ఆడేటప్పుడు ఆ చెవే లాక్కుంటాడు… అవును, నేను దణ్ణం పెట్టాలన్న ఆ మహాతల్లిని నేనే!

“సరే, నాకేం” అన్నాడే! ట్రక్కు ఎక్కిస్తుంటే దాని వంక కన్నెత్తి చూడలేదే! ఈ మనిషిది రాతిగుండె అనుకుని మూడ్రోజులుగా కొట్టంలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను కెండ్రా… ఉల్లిపాయలా? ఉల్లిపాయలూ లేవు, గిల్లిపాయలూ లేవు.

…ఆపేయాలా? ఆగు. ఆరున్నర అను… ఎందుకంటే, నా పుట్టినరోజుకి ఈ మహానుభావుడు ఏనాడూ ఇరవై డాలర్లు దాటలేదు. వాళ్లమ్మ కోసం ఎంతదాకా పోతాడో చూడనీ… ఏడు వేలా! ఇంకా చెవి వదల్లేదా!… చాల్లే పాపం. ఊడి చేతికొచ్చేస్తుంది. ఇచ్చెయ్యమను ఆయనకే… ఆ, తన ఆవే, తన డబ్బే. కమిషన్ మాత్రం మీ సంతకి!

…చెప్పకు. ఫోన్లో పాడిందెవరో చచ్చినా చెప్పకు. ఇంటికొచ్చి ఏ అబద్ధం చెబుతాడో, ఏ చెవి లాక్కుంటాడో చూడాలి నేను.

…పెయ్యలొచ్చాయా? ఆరూనా?… ఏంటీ, పేపరు పడేశాడా?… లేచి నిలబడ్డాడా?… చెవి?

…రెండు చెవులూనా!

…లేదు తల్లీ, ఇంక నేను పాడను. ఆయన్నే పాడుకోనీ. నాకు బోలెడు పనుంది. కొట్టంలో తొట్టి నిండా నీళ్లు పట్టాలి, గడ్డి వెయ్యాలి, పొలం గేటు తియ్యాలి…

…అరిజోనానా? ఆ, వెళ్తాం వెళ్తాం… ఆ చొక్కాలా? పారేస్తానా! బోలెడంత గుడ్డ. మార్చిలో మంచులో పుట్టే దూడల్ని తుడవటానికి పనికొస్తాయి. ఉంటానమ్మా.