కాలింగ్ బెల్లుకో దీపం

అయిదుకు తక్కువ చేయరట! నాకు కావలసింది ఒక్క సర్క్యూట్ బోర్డు. మనకున్నది ఒక తలుపు, ఒక కాలింగ్ బెల్లు. అయినా అయిదూ తీసుకోవలసిందేనని ఫ్యాక్టరీవాళ్ళ నియమం. అంటే, ఒక తప్పు చేస్తే అయిదుసార్లు చేసినట్టే కదా? చేశాను.

ఏమోయ్, వింటున్నావా? మాట్లాడనక్కర్లేదు. ఆ అల్లిక పక్కన పెట్టి ఇటు చూస్తే చాలు.

వానలో తడిసిన సాయంత్రం నుంచి నాతో మాట్లాడటం మానేశావు. సరే, నీ హక్కు. నువ్వు బయట నిలబడి బెల్లు నొక్కుతూనే ఉన్నావట. నేను లోపల కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. బెల్లు పాడైందన్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, బాగానే ఉందన్నాడు. అతనికేం తెలుసన్నాను. అక్కడితో మన మాటలు ఆగిపోయాయి.

అందుకే ఈ ఏర్పాటు. బెల్లు నొక్కితే నా కుర్చీ ఎదురుగా దీపం వెలగాలి. వెలిగితే నువ్వు మాట్లాడతావని నా... ఆశ అనను. అంచనా.

కొనకూడదా అంటావు, అంతేగా? కొట్లో దొరికేవన్నీ పాటలు పాడతాయి. పాట నాకెందుకు?

పైగా, ఉద్యోగం చేసినన్నాళ్ళూ వంతెనల నక్షలు గీసినవాణ్ణి. అగ్గిపెట్టెంత బోర్డు గీయలేనా? రాగి గీతలు ఎక్కడ సాగాలో, రంధ్రాలు ఎక్కడ పడాలో అన్నీ కంప్యూటర్లో గీసి పంపాను. ఫ్యాక్టరీ నుంచి ఒకావిడ రాసింది: ‘ఒక్కసారి సరిచూసుకుంటారా? తయారయ్యాక మార్చలేం.’ నేనేం జవాబిచ్చానో తెలుసా? ‘గీసినది గీసినట్లే చేయవలెను.’

నవ్వు ఆపుకుంటున్నావు. సూదులు ఆగాయి, చూశాను.

చేశారోయ్! ఎంత బుద్ధిగా చేశారనుకున్నావు! ఆకుపచ్చగా, నున్నగా, అక్షరాలు ముత్యాల్లా. దీపాన్ని వెలిగించే చిప్పును పెడితే, దాని కాళ్ళన్నీ రంధ్రాల్లోకి చక్కగా దిగాయి. దీపం మాత్రం వెలగలేదు. చిప్పు వేడెక్కి చచ్చింది.

ఎందుకంటావా? చిప్పును వెల్లకిలా పడుకోబెట్టి, దాని కాళ్ళు చూసుకుంటూ గీశాను. బోర్డేమో పైనుంచి చూసినట్టు గీయాలి. కుడి కాస్తా ఎడమైంది, ఎడమ కుడైంది. వంతెనను నదిలో మునిగి, కిందినుంచి చూసి గీసే మూర్ఖుడు ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు. నీ ఎదురుగా కూర్చున్నాడు.

మళ్ళీ చేయించడమా? మళ్ళీ అయిదు వస్తాయి! ఇప్పటికే ఒకటి నీ టీ కప్పు కింద చేరింది. నేనేమీ అనలేదు.

చివరికి తట్టింది. బోర్డు అద్దంలో బొమ్మలా తిరగబడితే, చిప్పును వెనక వైపు నుంచి పెడితే సరి కదా! ఇంకో బోర్డు తీసుకుని కొత్త చిప్పు అలాగే పెట్టాను. టంకం వేశాను. వేలు కాలింది. పెద్దగా ఏం లేదులే, చూడనక్కర్లేదు.

ఇక నువ్వు బయటికి వెళ్ళి ఒక్కసారి నొక్కాలి. నేను తలుపు వేసుకుని కుర్చీలో కూర్చుంటాను. గొడుగెందుకోయ్, ఎండ కాస్తుంటే? తీసుకెళ్తావా? తీసుకెళ్ళు. అర్థమైంది.

...

వెలిగింది! వెలిగిందే! ఉండు, వస్తున్నా. ఈ గడియ ఒకటి...

రా, లోపలికి రా. చూశావా, నొక్కీ నొక్కగానే...

ఏమిటీ?

నీ పెదవులు కదిలాయి. ఏదో అన్నావు. ఇన్నాళ్ళ తరవాత నాతో అన్న మొదటి మాట.

అలా చూడకు. కోపం తెచ్చుకోకు. ఇలా కిటికీ దగ్గరికి, వెలుతురులోకి రా. ముఖం నా వైపు తిప్పు. గొడుగు కింద పెట్టు ముందు.

ఎలక్ట్రీషియన్ చెప్పింది నిజమే. ఆ రోజు బెల్లు మోగే ఉంటుంది. ఇప్పుడూ మోగే ఉంటుంది, కదూ? నేను దీపం చూసి వచ్చాను.

ఏదీ, మళ్ళీ అను. నెమ్మదిగా.